మడతలో వదిలేసిన కుట్లు

కొలిమి తిత్తులు కుట్టే ఆమె కోపం వస్తే కేకలు వేయదు. నోరు కట్టేసుకుని తోలు గుచ్చే ఆరెకు పదును పెడుతుంది. చుట్టుపక్కల కొలిముల తిత్తులన్నీ ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. తోలు నానబెట్టడం, మైనం పట్టించిన దారంతో గాలి పోకుండా కుట్టడం తండ్రి దగ్గర నేర్చుకుంది.

ఆమె తమ్ముడు ఒక కమ్మరి మేస్త్రీ దగ్గర, అతని కొలిమిలో పదిహేనేళ్లు తిత్తి ఊదాడు. ఒకసారి మేస్త్రీ అతికిన బండి ఇరుసు రెండు రోజులకే విరిగింది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని, "వీడు కునికిపాట్లు పడ్డాడు, నిప్పుకి గాలి అందలేదు" అంటూ బండివాడి ముందే తమ్ముడి మీదికి నెట్టేశాడు. ఆ మాట వీధి వీధికీ పాకింది. ఇంకే కొలిమిలోనూ అతన్ని పెట్టుకోలేదు. మనిషి మంచం పట్టి, ఏడాది తిరక్కుండానే పోయాడు. మేస్త్రీ చివరి చూపుకైనా రాలేదు.

పక్షం రోజులకు తిత్తి పట్టుకుని మాత్రం వచ్చాడు.

"పక్కన చిరిగింది అక్కా. కాస్త తొందరగా ఇయ్యి."

"అలాగే మేస్త్రీ."

పైన చీమ దూరనంత బిగువుగా కుట్టింది. లోపలి మడతలో రెండు కుట్లు వదిలేసింది. మెల్లగా ఊదితే తెలియదు. ఇనుము తెల్లగా కాగాల్సిన వేళ గట్టిగా నొక్కితే గాలి పక్కకు జారిపోతుంది. అతుకు చూపుకు బాగానే ఉంటుంది, బరువు పడగానే ఊడుతుంది.

మూడేళ్లు అలాగే సాగింది. ఇప్పుడు తిత్తి ఊదేదీ మేస్త్రీయే, తప్పు నెట్టడానికి మరో మనిషి లేడు. బండ్లవాళ్లు ఒక్కొక్కరే వేరే కొలిమికి మళ్లారు. ఆ కబురు విన్నప్పుడల్లా ఆమెకు కడుపు చల్లబడేది.

చివరికి మేస్త్రీ తిత్తి భుజాన వేసుకొచ్చి ఆమె గడప మీద కూలబడ్డాడు. "కొలిమి మూసేస్తున్నా అక్కా. నా చేతిలో వాటం పోయింది."

ఎవరు కొట్టారో తెలియని దెబ్బ దెబ్బే కాదనిపించింది ఆమెకు. తిత్తి మడత విప్పి చూపించింది. "నీ చేతికేం కాలేదు. నేనే వదిలేశా. మా తమ్ముడి కోసం."

మేస్త్రీ అటు చూడనైనా లేదు. "నన్ను ఓదార్చడానికి ఇంత మాట నెత్తినేసుకుంటావా? ఆ రోజు వాడు కునకలేదక్కా. అతుకు నేనే తొందరపడి పెట్టా. వాడి ఉసురే తగిలింది."

"నాకు చెప్తే ఏం లాభం? బండ్ల అడ్డాలో చెప్పు."

మర్నాడు పొద్దున్నే చెప్పాడు, నలుగురూ చేరాక, నీళ్లు నమలకుండా. ఆమె అందరికంటే వెనక నిలబడి ఆఖరి మాట దాకా వింది. ముగించి తలెత్తి ఆమె వైపు చూశాడు, ఒక్క మంచి మాట కోసమన్నట్టు. ఆమె చూపు తిప్పుకోలేదు, నోరూ విప్పలేదు.