పేరు పెట్టి పిలిచే చెల్లెలు

కామాక్షికి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒకటే కోరిక. చెల్లెలు లక్ష్మీప్రియ తనని "అప్పా" అని పిలవాలి. ఉద్దానం ఊళ్ళలో అక్కను అప్ప అనే అంటారు, ఏ ఇంట్లో చూసినా చెల్లెళ్ళు అలాగే పిలుస్తారు. ఈ ఇంట్లో ప్రియ మాత్రం ససేమిరా అంటుంది. "కామాచ్చీ!" అని వీధి చివర నుంచి కేక పెడుతుంది, తోటి పిల్లను పిలిచినట్టు.

తోటి పిల్లే మరి! ఆ తప్పు తండ్రి బంగారయ్యది. పెద్దదాన్ని బడిలో వేసే రోజున చిన్నది కాళ్ళకు చుట్టుకుని ఏడ్చి గోల పెడితే, పోనీలెమ్మని దాని వయసు ఓ ఏడాది పెంచి చెప్పి, అదే తరగతిలో కూర్చోబెట్టి వచ్చాడు. ఆయనకేం, చేతులు దులుపుకుని జీడితోటకు వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే బెంచీ.

"ఒకే కలాసు సదువుతన్నాం. అప్పేటి, గిప్పేటి?" అంటుంది ప్రియ.

మార్కులు దానికే ఎక్కువ. పోయినేడు పొడవులోనూ అదే మించిపోయింది. కామాక్షికి మిగిలిందల్లా ముందు పుట్టానన్న ఒక్క మాట. దాన్నే పట్టుకుని వేలాడింది, పాపం.

వాళ్ళు దేనికి కొట్టుకోలేదో చెప్పండి! ఆటోలో చివరి సీటుకి, ఫ్యాను కింద చాపకి, పీతల కూరలో కండ ఉన్న పెద్ద డెక్కకి, అదే కొండికి. తోటలో జీడిపిక్కలు ఏరుతుంటే ఒకరి కుప్పలోంచి ఒకరు కొట్టేసుకుని జుట్లు పట్టుకునేవాళ్ళు. తల్లి సీతకు వాళ్ళను విడదీయడంతోనే పొద్దు గడిచిపోయేది. అయితే పైవాళ్ళెవరైనా నోరు జారారో, అయిపోయారన్నమాటే. తరగతిలో మణిదీప్ అనే కుర్రాడు కామాక్షిని పొట్టిదాన అన్నాడు. ప్రియ వాడి సంచీ తీసుకెళ్ళి కాలవలో గిరాటేసింది.

"దాన్ననడానికి నానున్నాను. నువ్వెవుడివిరా?" అంది.

తొమ్మిదో తరగతిలో, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, ప్రియ పెద్దమనిషయింది. జీడితోటలో పిక్కలు ఏరుతూ ఏరుతూ, మొహం పాలిపోయి పరుగెత్తుకొచ్చి కామాక్షి చెయ్యి పట్టుకుంది. "కామాచ్చీ, నాకేటో అయినాదే" అంది. కామాక్షి చూసింది. చూడగానే అర్థమైంది. గుండెలో కలుక్కుమంది.

ఎందుకంటే కామాక్షి ఇంకా కాలేదు. ఆమె ఈడు పిల్లలందరూ ఎప్పుడో అయిపోయారు. తల్లి పలాసలో డాక్టరమ్మకు చూపిస్తే, కొందరికి ఆలస్యమవుతుంది, ఇంకో ఏడాది చూద్దాం, భయం లేదు అంది. ఆ మాటతో సీత ఊపిరి పీల్చుకుంది. కామాక్షికి మాత్రం రోజూ అదే దిగులు. ఇప్పుడీ చిన్నది ముందు పుట్టానన్న ఆ ఒక్క మాటనీ దాటేసింది.

వసారాలో ఓ మూల కొబ్బరాకు తడిక కట్టి ప్రియను కూర్చోబెట్టారు. కంచం వేరు, గ్లాసు వేరు, ఎవరినీ తాకకూడదు. పక్కన తోడు కూర్చోడానికి ఓ పిల్ల కావాలి. ఇంకా పెద్దమనిషి కాని పిల్లే కావాలి, ఎవరైనా చిన్నపిల్లను తెచ్చి కూర్చోబెడతారు. నాయనమ్మ నూకమ్మ పక్కింటి అమ్ములును పిలుచుకొచ్చింది.

ప్రియ తడిక వెనక నుంచి అరిచింది. "అమ్ములొద్దు! కామాచ్చి కూకుంటేనే కూకుంటాను. నేకపోతే లేసిపోతాను."

"నోరు ముయ్యే! ఊరంతా వినాలేటి?" అని కసిరింది నూకమ్మ.

విననే విన్నారు. పసుపు కుంకాలతో వచ్చిన ఆడవాళ్ళందరూ ఒక్కసారి కామాక్షి వంక తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయింది పిల్ల. చెల్లెలి మీద పట్టరాని కోపం వచ్చింది. చెడామడా తిడదామని తడిక దగ్గరకు వెళ్ళి లోపలికి తొంగి చూస్తే, ప్రియ చాపలో సగం ఆమెకు వదిలేసి మూలకి ఒదిగి కూర్చుని ఉంది. ఇక తిట్టలేకపోయింది. వెళ్ళి పక్కన చతికిలబడింది.

నిజం చెప్పాలంటే ఆ రోజులు భలే గడిచాయి. చిమ్మిలి ఉండ నాదంటే నాదని కొట్టుకున్నారు. గవ్వలాటలో దొంగాట ఆడావంటే ఆడావని గిల్లుకున్నారు. తాకకూడదన్న సంగతి ఇద్దరికీ గుర్తే లేదు. బయట ఎవరేం గుసగుసలాడుతున్నారో కామాక్షి పట్టించుకోలేదు. రాత్రి ఒక చాప మీదే పడుకుని, కాళ్ళతో ఒకరినొకరు తోసుకుంటూ నిద్రపోయారు.

స్నానం రోజున హరిశ్చంద్రపురం నుంచి మేనత్త తవిటమ్మ చీరా, పూలూ తీసుకుని రైల్లో దిగింది. నోటికి హద్దూ అదుపూ లేని మనిషి. ముత్తయిదువలందరూ ఉండగా కామాక్షి గడ్డం పట్టుకుని ఎత్తింది.

"ఇదేటి వదినా, సిన్నది అయిపోనాది గదా! ఈ గుంట ఇలగే ఉండిపోద్దేటి?"

సీత గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కామాక్షి చెల్లెలి వైపు చూసింది. ఇంకేముంది, ఇది లేచి అత్తను కడిగిపారేస్తుంది అనుకుంది. పీటల మీద పెళ్ళికూతురిలా కూర్చున్న ప్రియ తల వంచేసుకుంది. తవిటమ్మ మాట కన్నా ఆ తల వంచుకోవడమే కామాక్షిని ఎక్కువ బాధపెట్టింది.

పొద్దు వాలాక, కామాక్షి పెరట్లో నీళ్ళ కాగు కడుగుతుంటే, గదిలో నాయనమ్మ ప్రియ తల చిక్కు తీస్తూ చెబుతున్న మాటలు వినిపించాయి.

"ఇంక దాన్ని పేరెట్టి పిలవకే తల్లీ. అసలే దాని మనసు బాగోనేదు. అప్పా అను. దేనికీ ఎదురాడకు. ఏటడిగితే అదిచ్చెయ్యి."

"అలగే నాయనమ్మా" అంది ప్రియ, బుద్ధిగా.

కాసేపటికి పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అప్పా, అన్నం తిందువుగాని, రా."

ఇన్నేళ్ళూ ఏ మాట కోసం మొహం వాచిందో ఆ మాటే! జ్వరం వచ్చిన మనిషిని పలకరించినట్టు ఉంది. "ఆకలి లేదు" అని కామాక్షి చీకట్లోనే కూర్చుండిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఫ్యాను కింద చాప కామాక్షిదే. ఆటోలో చివరి సీటూ ఆమెదే. "నువ్వు కూకో అప్పా" అని ప్రియ ముందే జరిగిపోయేది. పీత డెక్క అడక్కుండానే కంచంలో పడేది. బళ్ళో జవాబు తెలిసినా ప్రియ చెయ్యెత్తడం మానేసింది. ఇంట్లో అరుపుల్లేవు, కేకల్లేవు. పిల్లలకు బుద్ధొచ్చిందని బంగారయ్య మురిసిపోయాడు. ఆ మగమహారాజుకి ఏం తెలుసు!

కామాక్షికి ఒంటరితనమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంటినిండా మనుషులే, మాట్లాడేవాళ్ళే. ఆమెతో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, ప్రియ కూడా. ఎలాగైనా గొడవ పెట్టుకోవాలని ప్రియ పెన్ను దాచేసింది. అది వేరే పెన్ను కొనుక్కుంది. దాని కొత్త ఓణీ కట్టుకుని చింపేసింది. "పోన్లే అప్పా, కుట్టుకుంటాను" అంది ప్రియ. ఆ రాత్రి కామాక్షి గోడవైపు తిరిగి ఏడ్చింది.

పరీక్షలయ్యాక ఓ పొద్దున్న ఇద్దరూ పిక్కలు ఏరడానికి తోటకు వెళ్ళారు. ప్రియ చూస్తుండగానే కామాక్షి దాని కుప్పంతా తన బుట్టలోకి ఎత్తేసుకుంది.

"తీసుకో అప్పా."

కామాక్షికి ఒళ్ళు మండిపోయింది. బుట్ట విసిరికొట్టి చెల్లెలి జడ పట్టుకుంది. "తిట్టవే నన్ను! దొంగముండా అను! పేరెట్టి పిలు! ఒక్కసారి పిలవే, నీ కాళ్ళట్టుకుంటాను!"

ప్రియ నోరు తెరిచింది. "కా..." అంది. బావురుమంది.

"నానలగంటే నీకు బాదైపోద్ది అప్పా. నాకు నోరు రాదు."

జడ వదిలేసింది కామాక్షి. పెద్దది కదా, ఏం చేస్తుంది? ఓణీ చెంగుతో చెల్లెలి కళ్ళు తుడిచింది. "ఊరుకో, ఊరుకో" అంది. చెదిరిన పిక్కలు ఇద్దరూ కలిసి ఏరారు. ప్రియ బరువైన బుట్ట తానే నెత్తికెత్తుకుని ముందు వెళ్ళిపోయింది.

సుమ్మాదేవి స్టేషను వైపు రైలు కూత పెట్టుకుంటూ పోయింది. కామాక్షి చెట్ల మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. "కామాచ్చీ!" అని తనే ఓ కేక వేసుకుంది. ప్రియ పిలిచినట్టు లేదు. గొంతు సవరించుకుని మళ్ళీ పిలుచుకుంది.