ఉప్పు ఆవిరి కాదు

మా వదిన ఏదైనా చేస్తానంటే ఇంట్లో ఎవరం ఎదురు చెప్పం. చెప్పినా వినదని తెలుసు. అయినా ఆ రోజు మాత్రం నేను పడీ పడీ నవ్వాను.

వదిన ఒక పళ్ళ డాక్టరు దగ్గర పదకొండేళ్ళుగా ఆయా. నేల తుడుస్తుంది, పరికరాలు మరిగించి ఆరబెడుతుంది. పొద్దున్నే వెళ్ళి, గోడలో అమర్చిన అక్వేరియంలో లైటు వేసి, "లేచారా?" అంటూ చేపలకు మేత వేస్తుంది. నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న సముద్రపు చేపల జంట అది. డాక్టరుగారు వచ్చినవాళ్ళందరికీ "నా చేపలు" అని చూపించుకుంటారు. ఆయన వాటి మొహం చూసేది అప్పుడే.

ఇప్పుడాయన ప్రాక్టీసు మానేస్తున్నారు. నలభై రోజుల్లో ఆ గోడ కొట్టేస్తారు. చేపల్ని దుకాణానికి ఇచ్చేస్తానన్నారు. దుకాణంవాడు జంటను విడదీసి అమ్ముకుంటాడని వదినకు తెలుసు. నీళ్ళు నమలకుండా "నాకివ్వండి సార్" అంది.

"ఇవి మామూలు చేపలు కావమ్మా. సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలి. నలభయ్యో రోజు నేనే వచ్చి చూస్తాను. ఉప్పూ వేడీ సరిగ్గా ఉంటే ఇస్తాను. లేదంటే నా చేపలు దుకాణానికే."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడే నేను నవ్వింది. "వదినా, మనింట్లో మనుషులకే చోటు లేదు. సముద్రాన్నెక్కడ పెడతావు?"

"నీ పుస్తకాల బల్ల ఉందిగా," అంది. మర్నాటికి నా పుస్తకాలు మంచం కింద ఉన్నాయి.

పాత సామాన్ల కొట్టులో మూతలేని డెబ్బై లీటర్ల గాజుతొట్టి దొరికింది. అంచులకు సిలికాన్ పూసి, బాగా ఆరాక నీళ్ళు నింపి, కింద పాత పేపరు పరిచింది. రెండు రోజులైనా పేపరు తడవలేదు. హీటరు మాత్రం కొత్తదే కొంది. అక్కడ పిసినారితనం పనికిరాదట. క్యాన్లలో శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చి, అక్వేరియాల కోసం అమ్మే సముద్రపు ఉప్పు తూచి కలిపింది. క్లినిక్కు తొట్టిలోంచి రెండు రాళ్ళను తడి ఆరకుండా తెచ్చి అందులో పెట్టింది. చేపల మలినాన్ని అరిగించే సూక్ష్మజీవులు వాటిలో ఉంటాయట. అవి కుదురుకున్నాకే చేపలు రావాలట.

అలా నెల రోజులు మేం నీళ్ళకూ రాళ్ళకూ కాపలా కాశాం. పక్కింటావిడ వచ్చి, "చేపలేవమ్మా?" అని అడిగేది.

"ముందు ఇల్లు, తర్వాత కాపురం," అనేది వదిన.

ముప్ఫయ్యేడో రోజున ఉప్పు కొలిచే డబ్బాను తొట్టిలో ముంచింది. ముల్లు ఉండాల్సిన గీత దాటి పైకి పోయింది. కడిగి మళ్ళీ ముంచింది. మళ్ళీ అంతే. వదిన మొహం పాలిపోయింది. ఆమె బెదరడం నేను చూడటం అదే మొదలు. నాకూ భయం వేసింది.

"ఇందులో ఎవరైనా ఏమైనా పోశారా?"

మా అన్నయ్య తేలుకుట్టిన దొంగలా ఉన్నాడు. అన్నయ్య ఒక క్యాంటీనులో వంటవాడు. రెండొందల మంది కూరకు గుప్పిటతోనే ఉప్పు వేస్తాడు, రుచి కూడా చూడడు. ఒక్కనాడూ తప్పు పోలేదు.

"నీళ్ళు తగ్గుతున్నాయని... రోజూ ఓ చెంబుడు పోశాను. ఉత్త నీళ్ళు కాదు, నీ ఉప్పే కలిపి పోశాను. నీకు సాయంగా ఉంటుందని."

"మూతలేని తొట్టిలో నీళ్ళు తగ్గవేమిటా అని సంబరపడి, ఇన్నాళ్ళూ ఉప్పు మళ్ళీ కొలవనేలేదు!" అంటూ వదిన కూలబడింది. అక్కణ్ణుంచే అన్నయ్యను అడిగింది. "ఏమండీ, పొయ్యి మీద కూర మర్చిపోతే ఏమవుతుంది?"

"ఇగిరిపోయి ఉప్పెక్కుతుంది," అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"ఆవిరయ్యేవి నీళ్ళేనండీ. ఉప్పెక్కడికి పోతుంది?"

అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా వల్లే పోతాయేమోనే ఆ చేపలు."

"ఏడిస్తే అదీ ఉప్పునీరే. లేవండి," అంది వదిన.

రెండు రోజులపాటు ఇద్దరూ కొంచెం కొంచెంగా ఉప్పునీరు తోడి, ఉత్త నీళ్ళు పోశారు. ఎప్పుడూ గుప్పిటనే నమ్ముకున్న మనిషి గీతల గ్లాసు కంటికానించుకుని కొలిచాడు. ముల్లు దిగొచ్చాక వదిన నీటిమట్టం దగ్గర గాజు మీద ఎర్రటి గోళ్ళరంగుతో గీత గీసింది. నీళ్ళు ఆ గీత దిగితే ఉత్త నీళ్ళే పోయాలి.

నలభయ్యో రోజు డాక్టరుగారు బకెట్టులో చేపలతో, తన సొంత మీటరుతో వచ్చారు. ఒకటికి రెండుసార్లు చూశారు.

"సరిగ్గా ఉందే! ఎవరు నేర్పారు?"

"కొంత మీ తొట్టి నేర్పింది సార్. కొంత మా ఆయన." అన్నయ్య నేల చూపులు చూశాడు.

సన్నటి గొట్టంతో తొట్టి నీళ్ళను బకెట్టులోకి చుక్కచుక్కగా గంటసేపు దించి, ఆ నీళ్ళకు అలవాటయ్యాక చేపల్ని వదిలారు. అవి పోయి రాతి వెనక దాక్కున్నాయి. డాక్టరుగారు గాజు మీద వేలితో కొట్టారు. మళ్ళీ కొట్టారు. ఉలుకూ పలుకూ లేదు.

వదిన ముందుకొచ్చి లైటు వేసింది.

"లేచారా?"

రాతి వెనక నుంచి ఒకటి, దాని వెనకే రెండోది వచ్చి గాజుకు ఆనుకుని నిలబడ్డాయి. డాక్టరుగారు చాలాసేపు చూశారు. తర్వాత మీటరు జేబులో పెట్టుకున్నారు.

"నీ చేపలకి ఆకలేస్తున్నట్టుందమ్మా," అన్నారు.