అబ్బులు గారి స్పెషల్ నత్తలు

సవ్యంగా ఉన్న నత్త అబ్బులు కంటికి ఆనదు. గుల్ల నున్నగా, గుండ్రంగా, కుమ్మరి చక్రం మీంచి అప్పుడే దింపినట్టున్న నత్తని ఎదురుగా పెట్టండి, బస్సులో పక్కసీటు మనిషిని చూసినట్టు ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంటాడు. అదే, గుల్ల మెలికపోయి, గుంటలు పడి, మొన రాలిపోయి ఉందా, ఆ మొహంలో పొద్దు పొడుస్తుంది.

"మెలిక చూడు చెల్లెమ్మా, మెలిక! సగం చుట్టి వదిలేసిన జిలేబీలా లేదూ? ఇది స్పెషలు."

ఆ 'స్పెషలు' చెవిన పడితే వీరవేణికి అరికాలి మంట నెత్తికెక్కేది. పెనం మీద రొట్టె మాడితే స్పెషలు. అతను నడిపే కారు తలుపు సొట్టపోతే స్పెషలు. అతని కుడికాలికీ ఎడమకాలికీ వేరువేరు జతల చెప్పులుంటాయి, అవీ స్పెషలే. "రాజోలు నించి ఇంత దూరం వచ్చి, బాగున్నదాన్ని బాగుందనడం మర్చిపోయాడు ఈ మనిషి" అని ఆవిడ తీర్పు. ఆవిడది పాలకొల్లు పక్క పల్లె. తీర్పులు చెప్పడం ఆవిడకి ఊపిరి తీసినంత తేలిక. కాకపోతే ఊపిరి పక్కగదిలోకి వినబడదు.

తొంభైల నాటి మాట. బహ్రెయిన్‌లో, రిఫాలో, ఇద్దరికీ ఒకే ఇంట్లో పని. అతను డ్రైవరు. ఆవిడ వంటా, ఇల్లూ. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు 'మామా' అని పిలవాలి, అరబ్బీలో అమ్మ అని. మామా మంచిదే. కానీ ఆవిడ కోపానికి, విమానాశ్రయానికి మధ్య దూరం చాలా తక్కువ. వీరవేణికి ముందున్న పనిమనిషి నమాజు తివాచీ మీద బ్లీచు ఒలకబోసింది. మధ్యాహ్నం ఒలికింది, సాయంత్రం విమానం.

వీరవేణికి ఆ విమానమంటేనే హడలు. బయల్దేరే రోజున అత్తగారు నరసాయమ్మ వాకిట్లో నిలబడి, వీధంతా వినేలా, "దాని నోటికి రెణ్ణెల్లే ఎక్కువ. మూడో నెలకల్లా తిరుగు టపాలో వచ్చేత్తాది" అంది. వీధంతా నవ్వింది. ఆ నవ్వు ఆవిడ చీరల మధ్య మడతపడి బహ్రెయిన్ దాకా వచ్చింది. రెండేళ్ళూ నిండాకే ఆ వీధిలో అడుగుపెట్టాలి. అంతవరకూ నోరు ఎక్కడ తెరిచినా మామా ముందు మాత్రం తెరవకూడదు.

మామాకి ప్రాణమైనవి రెండు. ఒకటి ఆ తివాచీ, రెండోది హాల్లో గాజుతొట్టి. అందులో ఆరు బంగారు రంగు నత్తలు. ఏసీ గాలికి తొట్టిలో నీళ్ళు రోజూ రెండు వేళ్ళు తగ్గుతాయి. వాటిని నింపడం వీరవేణి పని. అక్కడ కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి. తాగడానికి, వంటకి అబ్బులు క్యానుల్లో తీపినీళ్ళు తెస్తాడు. గోదావరి కాలవ నీళ్ళు తాగి పెరిగిన మనిషి మూగజీవాలకి ఉప్పునీళ్ళు పోస్తుందా? ఆ పాపం తనకొద్దనుకుని, వచ్చిన రోజునించీ వీరవేణి నత్తలకి తీపినీళ్ళే పోసేది. తనకి ఒక గ్లాసు తగ్గినా సరే, వాటికి ఒక జగ్గు.

నాలుగో నెలలో ఒక పొద్దున మామా తొట్టి ముందు ఆగింది.

"షినూ హాదా?" అంది. ఇదేంటి, అని.

వీరవేణి అప్పుడే నీళ్ళు పోసి వెనక్కి తిరుగుతోంది. తనూ చూసింది. గుల్లల అంచులు పూతరేకులంత పలచబడ్డాయి. అక్కడక్కడా చెదలు కొట్టినట్టు గుంటలు. ఒకదాని మొన సుద్దలా రాలిపోయింది. ఇంకోదాని అంచు విరిగి, మళ్ళీ పెరిగి, అలిగిన పిల్ల మూతిలా ఒక పక్కకి తిరిగింది. మామా చూపు తొట్టిలోంచి ఖాళీ జగ్గు మీదికి, జగ్గు మీంచి వీరవేణి మొహం మీదికి వచ్చి అక్కడ ఆగింది. ఆ కళ్ళలో వీరవేణికి విమానం రెక్కలతో సహా కనబడింది.

సరిగ్గా అప్పుడు అబ్బులు రెండు చేతుల్లో రెండు క్యానులతో లోపలికొచ్చాడు. తొట్టిని చూశాడు. జగ్గుని చూశాడు. క్యానులు దించి, తొట్టి ముందు మోకాళ్ళ మీద కూలబడి, కాన్పు గది బయట తండ్రిలా కేకేశాడు.

"వచ్చేసింది! మామా, వచ్చేసింది!"

"ఏంటి వచ్చింది?"

"వంకర, మామా! ఆర్నెల్లనించీ దీనికోసమేగా నేను పడిగాపులు పడుతున్నాను!"

అతని భాషలో నాలుగు మాటలు అరబ్బీ, ఆరు మాటలు హిందీ, మిగిలినదంతా చేతులు. ఆ చేతులతోనే మామాకి పాఠం చెప్పాడు. మా ఊళ్ళో మామూలు శంఖం సముద్రపొడ్డున కాలికి తగిలినా వంగి తీసేవాడుండడు మామా. అదే ఎదురువైపు తిరిగిన శంఖం దొరికిందా, పట్టుగుడ్డలో చుట్టి దాస్తారు. నత్తయినా అంతే. ఇవి స్పెషలు. నేనే, ఈ చేతులతో, కష్టపడి ఇలా పెంచాను.

"నువ్వా?"

"నేనే."

మామా అతని చెప్పులు చూసింది. వేరువేరు జతలు. నమ్మకం కుదిరినట్టుంది, నవ్వేసింది. "మజ్నూన్" అంది. పిచ్చోడు. "ఖలాస్, నీ పిచ్చి నువ్వే చూసుకో" అనేసి లోపలికెళ్ళిపోయింది.

వీరవేణి జగ్గుని గుండెలకి హత్తుకుని వంటింట్లోకి నడిచింది. గండం తప్పిందన్న సంతోషం అయిదు నిమిషాలుంది. ఆరో నిమిషంలో అబ్బులు మీద అసహ్యం మొదలైంది. రోగమొచ్చిన నత్తలని చూసి మురిసిపోయేవాడు మనిషా?

ఆ రోజునించీ పిచ్చి ముదిరింది. శుక్రవారం వస్తే అబ్బులు మనామాలో చేపలూ పిట్టలూ అమ్మే సలీం దుకాణానికి పోయి, అతను పారేసే వంకర నత్తలని తడిగుడ్డలో మూటగట్టి తెచ్చి తొట్టిలో వదిలేవాడు. తెచ్చినవాటికి పేర్లు. ఒకటి జిలేబి. ఒకటి చిల్లుకుండ. గుల్ల చుట్లు దూరందూరంగా సాగిపోయిన దానికి గొలుసు. పుట్టుకతోనే ఎడమవైపు తిరిగినదాన్ని చూసుకుని, "ఇది మా తాతలాగే ఎడంచేతి వాటం" అని రెండు రోజులు నేల మీద నడవలేదు.

"ఏవండోయ్ నత్తలుగారూ, ఈ అవిటి సంతంతా ఏం చేసుకుంటారు?" అని దెప్పేది వీరవేణి.

"చూసుకుంటానండి."

"చూసుకుంటే ఏమొస్తాది?"

"కళ్ళకి చలవ."

మధ్యలో ఇంకో జబ్బు, గుడ్లు. పొద్దున రెండు, రాత్రికి రెండు ఉడకబెట్టుకుని తినేవాడు. ఆ పెంకులు ఎండలో పెట్టి, రోట్లో మెత్తగా నూరి, పసిపిల్లకి ఉగ్గు పెట్టినట్టు తొట్టిలో చల్లేవాడు. నాలుగో వారానికి గుడ్డు వాసనకే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అయినా ముక్కు మూసుకుని మింగేవాడు. "ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా!" అంటే, "నాకిష్టం లేదుగానీ చెల్లెమ్మా, పెంకులకి ఇష్టం" అనేవాడు. తిక్కమనిషికి తగ్గ జవాబు.

నీళ్ళ గొడవ వేరు. "ఈ ఇంట్లో ఒంటెలేమైనా కాపరముంటున్నాయా? వారానికి రెండు క్యానులు ఎక్కువ తాగేత్తన్నారు!" అని మెట్ల మీద ఆయాసపడుతూ గొణిగేవాడు. ఒకరోజు తొట్టి పక్కన మూతపెట్టిన బకెట్టు ఒకటి వెలిసింది.

"ఇకనించి నత్తలకి ఇందులోవి పొయ్యి చెల్లెమ్మా. స్పెషల్ నీళ్ళు."

వీరవేణి వేలు ముంచి నాలికకి రాసుకుంది. ఉప్పన. కుళాయి నీళ్ళు! పిసినారి. క్యాను మోయడానికి బద్ధకం. అతను అటు తిరగ్గానే ఆ బకెట్టు తీసుకెళ్ళి ఖర్జూరం చెట్టు మొదట్లో కుమ్మరించి, తొట్టిలో తీపినీళ్ళు పోసింది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఖర్జూరం చెట్టు ఒక్కటే ఆ ఇంట్లో రెండు పూటలా సుఖంగా నీళ్ళు తాగుతోంది. అబ్బులు తెల్లారగట్ల లేచి తొట్టిలో సగం నీళ్ళు తోడి మళ్ళీ కుళాయి నీళ్ళు నింపేవాడు. వీరవేణి ఏడింటికి వచ్చి వాటిని తోడి తీపివి నింపేది. ఒకరి సంగతి ఒకరికి తెలిసినట్టు ఇద్దరూ ఒప్పుకోలేదు. నత్తలు మాత్రం రోజుకి రెండు ఊళ్ళు మారిన మొహాలతో గాజుకి అంటుకుని ఉండేవి.

సిత్రాలో కూలీల క్యాంపులో ఉండే దేవన్నకి గల్ఫంతా దుబాయే. ఎప్పుడైనా ఇటు వస్తే గేటు దగ్గరే మొదలుపెట్టేవాడు. "ఏమన్నా, దుబాయొచ్చి అందరు బంగారం కొంటే నువ్వు నత్తలు జమజేస్తున్నవా?"

"ఇవీ బంగారం రంగేగా దేవన్నా!"

వీరవేణి వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి మరీ నవ్వేది.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం మామా మనామాలో దర్జీ దగ్గర దిగి, నత్తల మేత కొనుక్కురమ్మని వీరవేణిని సలీం దుకాణానికి పంపింది. సలీంది హైదరాబాదు. తెలుగు మనిషిని చూసి మొహం చాటంత చేసుకున్నాడు. వీరవేణి మేత అడగలేదు. అతను కుళాయికింద పెట్టి నింపుతున్న నత్తల తొట్టిని చూసి నడుం మీద చెయ్యేసింది.

"ఏమయ్యా, నీకు జాలీ దయా లేవా? నోరులేని జీవాలకి ఉప్పునీళ్ళు పోత్తావా? మా ఇంట్లో చూడు, మొదటిరోజు నించీ నా చేత్తో తీపినీళ్ళే పోత్తున్నాను."

సలీం కుళాయి కట్టేశాడు.

"మీఠా పానీ? నత్తలకా? తౌబా తౌబా! అక్కా, గుల్లకు సున్నం గావాలె. నల్లా నీళ్ళల్ల ఉంటది. మీఠా పానీల ఏముంటది, ఏముండదు. అందులనే ఉంచితే గుల్ల పల్చగయి, గుంతలు వడి, వంకర వోతది." ఒక క్షణం ఆగి, "అయితే పోసింది మీరా? అబ్బులు భాయ్ నేనే పోసిన అన్నడు గదా!" అన్నాడు.

వీరవేణి నడుం మీంచి చెయ్యి తీసేసింది.

"నాలుగు నెలల కింద ఒక నత్తను చేతిరుమాల్ల వెట్టుకొని ఉరికొచ్చిండు. నేను మస్తు తిట్టిన. ఆ నీళ్ళు బంద్ చెయ్యి అన్న. 'బంద్ చేసుడు నా చేతిల లేదు సలీం భాయ్, మందేమన్న చెప్పు' అన్నడు. గుడ్డు పెంకులు చల్లమన్న."

"మరి... ఇక్కడినించి ఈ వంకరవన్నీ ఎందుకు మోసుకొస్తాడు?"

"నేను గూడ అదే అడిగిన. ఇంట్ల ఆ ఆరు నత్తలే వంకర ఉంటే ఎవరు చేసిండ్రని అడుగుతరంట. ఇరవై ఉంటే, వీని షౌకు గిదే అనుకుంటరంట. పాగల్ అన్నా పర్వలేదు గని, ఎవరి పేరు బైటికి రావద్దన్నడు."

మేత పొట్లం పట్టుకుని వీరవేణి కారెక్కింది. మామా ఇంకా దర్జీ దగ్గరే ఉంది. అబ్బులు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటున్నాడు.

"నాకు చెప్పొచ్చుగా?" అంది. ఎంత మెల్లగా అందంటే, అబ్బులు కంగారుపడి వెనక్కి తిరిగాడు, ఊళ్ళో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. ఆవిడ చేతిలో సలీం దుకాణం పొట్లం చూశాక సంగతి అర్థమైంది.

"చెబితే ఏం చేసేదానివి?"

"మానేసేదాన్ని."

"మానేసే ముందు?"

వీరవేణి నిజాయితీగా ఆలోచించింది. "అరిచేదాన్ని."

"ఏమని?"

"'నేను పోసిన నీళ్ళకా పోయాయి గుల్లలు!' అని."

"ఎంత గట్టిగా?"

"...మామా వినేంత."

"ఆయ్" అన్నాడు అబ్బులు. "నరసాయమ్మగారు అక్కడ కాసుక్కూచున్నారని నువ్వేగా రోజూ చెబుతావు."

కారు ఇంటికి చేరేదాకా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. దర్జీ దగ్గర కారెక్కిన మామాకి అనుమానమొచ్చి, ఒంట్లో బాగోలేదేమో సల్మానియా ఆస్పత్రికి తీసుకెళ్దామా అని డ్రైవర్ని అడిగింది కూడా.

మర్నాటినించీ ఖర్జూరం చెట్టుకి నీళ్ళు బందయ్యాయి. బకెట్టులో నీళ్ళు తొట్టిలోకి వెళ్ళాయి. అబ్బులు కంచంలో రెండు గుడ్లు తగ్గి, వీరవేణి కంచంలో రెండు పెరిగాయి. నత్తలు ఎవరినీ ఏమీ అడగలేదు. వంకర పోయిన గుల్ల వంకరగానే ఉంది, అది ఇక మారేది కాదు. కానీ దాని అంచున ఒక సన్నని గీత పడింది. గీత దాటాక కొత్త గుల్ల, వాన వెలిసిన పొద్దుటిలా, నున్నగా మొదలైంది.

రెండు నెలల తర్వాత మామా మళ్ళీ తొట్టి ముందు ఆగింది. ఈ మధ్య ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆవిడే గర్వంగా ఆ వంకరలు చూపిస్తోంది, ఇలాంటివి మా ఇంట్లోనే ఉన్నాయని.

"షినూ హాదా?" అరిచింది. "వీటిని మామూలుగా చేసిందెవరు?"

క్యానులతో లోపలికొస్తున్న అబ్బులు మీద ఆ చూపు పడింది. అబ్బులు క్యాను దించలేదు, ఎత్తలేదు.

వంటింట్లోంచి గరిటతో సహా వీరవేణి పరుగెత్తుకొచ్చింది.

"మామా! నేను! నేనే!" వీధి చివరికి వినిపించింది. "చూడండి మామా, వెనక సగం వంకర, ముందు సగం నున్నన! మధ్యలో గీత! ఇలాంటిది ఎవరింట్లో ఉంటాది? ఇది స్పెషలు!"

మామా ఆవిడని చూసింది. అబ్బుల్ని చూసింది. గరిటలోంచి తివాచీకి బెత్తెడు దూరంలో రాలిన పులుసు చుక్కని చూసింది.

"మజ్నూనా" అంది. పిచ్చిది. "వల్లాహ్, ఒక పిచ్చిని పెట్టుకుంటే రెండయ్యాయి." నవ్వాపుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

వంటింట్లో పొయ్యి మీద రొట్టె బొగ్గయిపోయింది. వీరవేణి దాన్ని గీరకుండా, దులపకుండా, అలాగే కంచంలో పెట్టి అబ్బులు ముందుకి తోసింది.

"ఏంటిది?" అన్నాడు అబ్బులు.

"తినండి అన్నయ్యా" అంది. "స్పెషలు."