రేపక్క గొంతు, మా దారాలు

మా కుట్టు గదిలో ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి "మిగతాది రేపు" అంటుంది కాబట్టి రేపక్క అయింది. పిల్లల గౌన్ల అంచులు మడిచి చేత్తో హెమ్మింగ్ చేస్తూనే కథ చెబుతుంది. మా చేతులు గుడ్డ మీద, చెవులు ఆమె మీద. మంచం పట్టిన అన్నయ్యకూ తనకూ ఈ పనే ఆధారం.

ఆ రోజు పొద్దున్నే సూపర్‌వైజర్ ఒక మూట తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. తనిఖీలో వెనక్కి వచ్చిన గౌన్లు. దారం బిగిసిపోయి అంచులన్నీ ముడుచుకుని ఉన్నాయి.

"నిన్న పొద్దున కుట్టినవి బాగానే ఉన్నాయి. ఇవన్నీ నిన్న మధ్యాహ్నానివి. మధ్యాహ్నం ఏం ముంచుకొచ్చిందమ్మా మీకు?"

ముంచుకొచ్చింది లిఫ్టు. రేపక్క కథలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉండే ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, నిద్రపోతున్న పాపను కింద గదిలో వదిలి, పైన ఆరేసిన బట్టలు తేవడానికి లిఫ్టు ఎక్కింది. అది మధ్యలో ఆగిపోయింది. అక్కణ్ణుంచి రేపక్క గొంతు పరుగెత్తింది. దాని వెంట మా దారాలూ బిగిశాయి.

"ఆ కథలు మాన్పించాల్సిందే సార్," అంది బొత్తాలు కుట్టే పిన్ని. "కాకపోతే ఆ పాప సంగతి తేలాక మాన్పించండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇదివరకోసారి కథలు మాన్పించి చూశాడు. అందరం కునికిపాట్లు పడితే పని సగానికి పడిపోయింది.

"ఈ పూట చెప్పు, ఇక్కడే కూర్చుని చూస్తాను," అన్నాడు రేపక్కతో. "ఒక్క అంచు ముడుచుకున్నా రేపటి నుంచి రావద్దు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి, సూదిలో దారం ఎక్కించబోయి రేపక్క రెండుసార్లు తడబడటం నాకు కనిపించింది. చప్పగా చెబితే నిద్రపోతాం. నిన్నటిలా చెబితే బిగిస్తాం. ఆ రెంటి మధ్య చోటెక్కడుందో నాకు తోచలేదు.

"లిఫ్టులో చీకటి," అంది మెల్లగా. "ఆవిడ అరవడం మానేసింది. అరిస్తే కింద పాప ఏడుపు వినబడదని."

నా దారం బిగియబోయింది. కానీ రేపక్క తొందరపడలేదు. పాలు ఏ గిన్నెలో పోసిందో లిఫ్టులో ఆవిడ గుర్తుచేసుకుంది. చిన్న గిన్నె. మంట తగ్గించిందా, లేదా? పొయ్యి మీట తిప్పినట్టు చీకట్లో చెయ్యి తిప్పి చూసుకుంది, ఏ వైపు తిప్పిందో చేతికైనా గుర్తుంటుందేమోనని. రేపక్క ఒక కుట్టు వేసి ఒక మాట అనేది. ఇంకో కుట్టు, ఇంకో మాట. మా చేతులు ఆమె వెనకే నడిచాయి. భయం నిన్నటికన్నా ఎక్కువే, అయినా పరుగు లేదు. ఆవిడకు ఏం కావాలో మాకు తెలుసు, దొరుకుతుందో లేదో తెలియదు. ఇక ఎవరికి నిద్ర పడుతుంది?

"తలుపు సందులోంచి సన్నగా వెలుగు పడింది. దాంతోపాటే ఏదో వాసన."

"మాడు వాసనా?" పిన్ని ఉండబట్టలేకపోయింది.

గంట మోగింది.

"మిగతాది..." అంది రేపక్క. రేపు అన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

సూపర్‌వైజర్ ఒక్కో గౌను దీపం కిందికి తీసుకుని అంచు వెంట బొటనవేలు నడిపించాడు. నాది చదునుగానే ఉంది. నాకు అటు పక్కన కూర్చున్నదానిదీ అంతే. కుప్ప తరుగుతోంది. అడుగున ఉన్న గౌను దగ్గర వేలు ఆగింది.

"ఇదెవరిది?"

"నాదేనండి," అంది రేపక్క.

"అందరి చేతా సరిగ్గా కుట్టించి, నువ్వు బిగించావా?"

"వాళ్లకు పాప ఒక్కతే గుర్తుంది సార్. నాకు మీరు కూడా గుర్తున్నారు."

"ఆమెను పంపేస్తే ఆ లిఫ్టు తలుపు ఎవరు తీస్తారు సార్?" అంది పిన్ని. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన గౌనును మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"రేపటి నుంచి సూది ముట్టుకోకు. దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చో."

ఆ పనికి కూలి తక్కువ. అయినా రేపక్క తలూపింది.

ఆ బల్ల గదికి ఆ చివర ఉంది. మర్నాడు ఆమె గొంతు మాకు సరిగ్గా అందలేదు. "కాస్త గట్టిగా చెప్పవే తల్లీ!" అని అరిచింది పిన్ని. మేము మా స్టూళ్లు కొంచెం కొంచెంగా అటు జరుపుకున్నాం. ఆయన చూసి తన పనిలో పడ్డాడు.

రేపక్క కత్తెర అందుకుంది.

"అది మాడు వాసన కాదు," అంటూ మొదలుపెట్టింది.