బజారూడ్చే అవ్వ

తొంభైల్లో గల్ఫ్‌లో, వాడి కబీర్ అనే పేటలో, మా రూమ్‌లో ఒక వెల్డరన్న ఉండేవాడు. తెలంగాణలో కాగితం మిల్లున్న చిన్న ఊరు ఆయనది. ఆ ఊరి బజారు పాత ఫొటోలు శుక్రవారం పూట మాకు గర్వంగా చూపించేవాడు. వాళ్ల నాయన మిల్లులో గుమాస్తా అని చెప్పేవాడు. ఒక ఫొటోను మాత్రం ఎప్పుడూ మూల మీద బొటనవేలు పెట్టి పట్టుకునేవాడు.

ఒకరోజు ఆ ఊరివాడే, కొత్తగా వచ్చిన డ్రైవరు, ఆ ఫొటో చేతిలోకి తీసుకుని, మూలన చీపురుతో ఉన్న ముసలామెను చూశాడు.

"అరె, బజారూడ్చే అవ్వ! బడికి పోయేటప్పుడు మమ్మల్ని రోడ్డు దాటించేది. నీకెర్కేనా అన్నా?"

"ఎర్కలేదు" అన్నాడు వెల్డరన్న.

"పోయినేడు సచ్చిపోయింది పాపం. ఆ రోజు దుకాణాలన్నీ బంద్ వెట్టిన్రు. కొడుకేమో రాలేదట."

అన్న ఫొటోలు పెట్టెలో సర్దబోయి ఆగిపోయాడు. మా ఎవరి మొహమూ చూడలేకపోయాడు. నేల చూస్తూ, "ఆమె మా అమ్మ, తమ్మీ" అన్నాడు.

డ్రైవరు వచ్చి ఆయన పక్కన కూచున్నాడు.

"సచ్చిపోయిందని కబురొచ్చింది. సెలవు దొరికినా పోలె. ఆమె కొడుకునని అందరికి తెలుస్తదని సిగ్గువడ్డ," అన్నాడు అన్న. మెల్లగా అడిగాడు:

"అమ్మ పాడె ఎవరు మోసిన్రు?"