అలిగిన సబెస్

విల్నాలో మందుల షాపు పెర్ల్‌స్టైన్ గారి అమ్మాయి హెన్యాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తమ యూదుల భాష యిడ్డిష్ రాదు. ఇంట్లో పోలిష్ మాట్లాడేవారు. యిడ్డిష్ భాష కాదు, సంతలో అరుపులు అనేవాడు తండ్రి. ఆయన పుట్టి పెరిగింది ఆ అరుపుల్లోనే.

ఒక చలికాలం పొద్దున, పసిబిడ్డను చంకనేసుకుని ఒక తల్లి షాపుకొచ్చి యిడ్డిష్‌లో ఏదో అడిగింది. హెన్యాకు అర్థం కాలేదు. తండ్రికి అయింది. అయినా ఆయన పోలిష్‌లోనే జవాబిచ్చాడు. ఆ తల్లి తల ఊపి, సీసా తీసుకుని, ఎన్ని చుక్కలు వెయ్యాలో తెలియకుండానే వెళ్ళిపోయింది. హెన్యా మంచులో వెంట పరుగెత్తి మూడు వేళ్ళు చూపించింది. ఆ రోజు నుంచి తండ్రి మాట వినడం మానేసింది.

ముందు పుస్తకాలు పట్టింది. వ్యాకరణం వచ్చింది, మాట రాలేదు. అప్పుడు షాపు వెనక వాకిట్లో ఉడికించిన చిక్కుడు గింజలమ్మే త్సివ్యా అవ్వ దగ్గర చేరింది. గింజల కుండ చల్లారకుండా పాత దుప్పట్లు చుట్టి, దానికే వీపు ఆనించి కూచుని అవ్వ కథలు చెప్పేది. ఆమె చదువు చెప్పే పద్ధతి ఒకటే. ఇవాళ విన్న కథ రేపు అప్పజెప్పాలి. ఒక్క మాట పుస్తకం వాసన కొట్టినా కొత్త కథ లేదు.

"ఏమే దొరసానీ, నీ కథలో బిచ్చగాడు ప్లీడరులా మాట్లాడుతున్నాడే. పొద్దున్నే కడుపునిండా తిన్నాడా?"

వాకిట్లో ఆడవాళ్ళంతా నవ్వేవారు. హెన్యా మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. ఆ బిచ్చగాడికి ఆకలి తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. తిట్టే తీరు, దీవించే తీరు, పోయినవాళ్ళ పేరెత్తితే వెంటనే ఏమనాలో, బిడ్డను మెచ్చుకుంటే దిష్టి తగలకుండా మూడుసార్లు ఉమ్మాలని, అన్నీ కథల్లోంచే వచ్చాయి. రెండేళ్ళలో నూట పది కథలు.

వాటితో పాటు అవ్వ నాలుకా వచ్చింది. ఆ పాత వాకిళ్ళలో 'ష' పలకదు, అంతా 'స'యే. శుక్రవారం పొద్దుగూకాక ఇంటికి చుట్టంలా వచ్చే విశ్రాంతి దినం పేరు షబెస్. అవ్వకు అది సబెస్. చదువుకున్నవాళ్ళు దానికే నవ్వేవారు.

ఊళ్ళో ఒక యిడ్డిష్ బడికి టీచరు కావాలని తెలిసి హెన్యా దరఖాస్తు పెట్టుకుంది. ఆ ఉద్యోగం వస్తే షాపులో తండ్రి పక్కన నిలబడే పని తప్పుతుంది. నేర్చిన కథలకు వినేవాళ్ళు దొరుకుతారు. బడి పెద్దలు ముగ్గురు కూచుని ఒక కథ చెప్పమన్నారు.

అలిగిన సబెస్ కథ ఎత్తుకుంది. బల్లమీద గుడ్డ చిరిగిందని ఒక ఇంటాయన పెళ్ళాన్ని తిట్టాడు. గడప దాకా వచ్చిన సబెస్ ఆ మాట విని అలిగి వెనక్కి పోయింది. ఎన్ని అగ్గిపుల్లలు గీసినా దీపాలు వెలగలేదు. ఇల్లాలు చిరిగిన గుడ్డనే భుజాన కప్పుకుని, అడవి దాకా వెళ్ళి పేరుపెట్టి పిలిచింది.

పెద్దల్లో ముఖ్యుడు జెలిగ్ మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. షబెస్ అనమన్నాడు. హెన్యా సబెస్ అంది. అది తప్పనీ, పిల్లలకు అంటుకుంటుందనీ ఆయన అన్నాడు.

"తప్పయితే సబెస్ ఎందుకొచ్చింది మాస్టారూ? ఇల్లాలు ఇలాగే పిలిచింది. ఆవిడొచ్చి బల్ల దగ్గర కూచుంది. నా పేరు సరిగ్గా పలకలేదని మళ్ళీ అలగలేదు."

"ఇదా కథకి షోఫ్?" అన్నాడాయన కోపంగా.

ముగింపును ఆ భాషలో సోఫ్ అంటారు. అక్కడ ఉండాల్సింది 'స'యే. చిన్ననాటి 'స'ను తరిమి తరిమి, దాని సొంత చోట కూడా ఉండనివ్వలేకపోయాడు. ఆయనా ఏదో వాకిట్లో పుట్టినవాడే. పక్కన కూచున్నావిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. హెన్యాకు నవ్వు రాలేదు.

చివరికి నియామకం కాగితం ముందుకు జరిపారు. ఉచ్చారణ దిద్దుకుంటానని అందులో ఒక వాక్యం ఉంది. హెన్యా ఆ వాక్యం కొట్టేసి, కింద సంతకం పెట్టి, కాగితం వెనక్కి తోసింది.

"ఇది నాకు పుట్టుకతో వచ్చిన నాలుక కాదు. రెండేళ్ళు వాకిట్లో కూచుని సంపాదించుకున్నాను. తిరిగివ్వను. ఉద్యోగం ఇస్తారో మానతారో మీ ఇష్టం."

బడి తెరిచే రోజు దాకా రమ్మన్న కబురు లేదు, వద్దన్న కబురూ లేదు. ఆ పొద్దున హెన్యా వెళ్ళింది. గుమ్మంలో జెలిగ్ మాస్టారు ఎదురుపడి, ఆమెను చూసి, పక్కకు జరిగాడు.

తరగతిలో నలభై మంది పిల్లలున్నారు. సబెస్ అలిగిందని ఆమె చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. ఎందుకలిగిందని అడిగారు.