పటేలింట్లో నేను పోయని నీళ్లు

కామారెడ్డిలో పుట్టి పెరిగిన నేను పెళ్లయ్యాక ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లెకు కాపురానికి వచ్చాను. మా నాయన రైలు పట్టాల పనిలో కూలీ. స్టేషన్ వెనక మా కతోలికుల ఇండ్లు పదీ పన్నెండు ఉండేవి. ఆదివారం పూజకు పోవడం, శుక్రవారం మాంసం ముట్టకపోవడం మాకు అన్నం తిన్నంత మామూలు. అత్తగారి ఊళ్లో మాత్రం మావాళ్లవి మూడే ఇండ్లు. నా భర్త ఉపదేశి. కొన్నాళ్లు ఇతరుల పొలాల్లో నాగలి పట్టేవాడు, కొన్నాళ్లు చుట్టుపక్కల పల్లెలు తిరిగి మావాళ్లకు జపాలు నేర్పేవాడు. ఫాదర్ ఇటలీ దేశస్థుడు. రెండు నెలలకోసారి ఎడ్లబండిలో వచ్చి పూజ చేసి పోయేవాడు.

మా అత్త మంత్రసాని. నాట్ల కాలంలో గట్టు మీద సద్ది మూట విప్పితే, పదిమంది ఆడవాళ్ల నడుమ నుదుటి నుంచి భుజాల దాకా నింపాదిగా సిలువ గుర్తు వేసుకొని గాని ముద్ద ఎత్తేది కాదు. నేను అటు తిరిగి గబుక్కున వేసుకునేదాన్ని. మెడలోని సిలువను రవికె లోపలికి తోసుకునేదాన్ని. ఒకనాడు అత్త చూసింది.

"దాసుకునేటందుకు అదేమన్న దొంగసొత్తా బిడ్డా?" అంది.

"నవ్వుతున్నరత్తా."

"నవ్వనియ్యి. నవ్వి నవ్వి వాళ్లకే యాష్టకొస్తది."

అదే అయింది. రెండేండ్లు గడిచేసరికి ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ఒకరిద్దరైతే, "మా పిల్లకు జరమొచ్చింది, మీ దేవునికి గూడ ఓ మాట చెప్పరాదూ" అని అడిగేవాళ్లు.

అత్తకు చూపు మందగించాక పురుళ్ల పని నా చేతికొచ్చింది. అప్పుడు ఫాదర్ నాకొక సంగతి నేర్పాడు. పుట్టిన బిడ్డ ప్రాణం నిలవదనిపిస్తే, తనకోసం చూడకుండా నేనే తలమీద నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వాలి. అది లేకుండా పోయిన బిడ్డకు పరలోకం దక్కదేమోనని మా భయం. మావాళ్ల పిల్లలిద్దరికి అలా ఇచ్చాను కూడా.

ఎక్కడో తెల్లదొరల దేశాల్లో యుద్ధం మొదలైందని కామారెడ్డి నుంచి వచ్చినవాళ్లు చెప్పుకుంటున్న రోజులవి. మా ఊరి పటేలు కోడలికి తొలి కాన్పు. వాళ్లింటికి ఎప్పుడూ వచ్చే లింగంపేట మంత్రసాని జ్వరంతో పడి ఉందని నన్ను పిలిచారు. పెరటి వాకిట్లోనే పటేలు భార్య నన్ను ఆపింది.

"మెడలది తీసి ఆ గూట్ల పెట్టు. పోయేటప్పుడు తీస్కపో."

నా చెయ్యి మెడ దాకా పోయింది. తీసేదాన్నేమో కూడా. ఏమనిపించిందో, చెయ్యి దించేశాను.

"ఇది నాతోనే ఉంటది దొరసానీ. వద్దంటే బయటనే కూసుంట. ఏం జెయ్యాల్నో ఇక్కడినుంచే చెప్త" అన్నాను.

లోపలి నుంచి కోడలు అరిచింది. "రానియ్యి అత్తా! ఆమె మెడల ఏముంటే నాకేంది!"

దొరసాని పక్కకు జరిగింది.

మధ్యాహ్నం దాటాక మగపిల్లవాడు పుట్టాడు. పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకొని ఉంది. ఒళ్లంతా నీలం, గుడ్డపేలికలా వాలిపోయాడు. చుట్లు తీశాను, నోరు తుడిచాను, వీపు రుద్దాను, నోట్లోకి గాలి ఊదాను. ఒకసారి సన్నగా మూలిగాడు. తర్వాత ఊపిరి అందీ అందకుండా ఆడింది. పక్కన చెంబులో నీళ్లున్నాయి. నాకు తెలియకుండానే నా వేళ్లు అందులో మునిగాయి.

"ఏం జేస్తున్నవ్?" అంది దొరసాని.

మొహం తుడుస్తున్నానంటే నమ్మేదే. నాలుగు మాటలు పెదవుల్లోపలే అనుకుంటే అయిపోయేది. కాని అబద్ధం నోటికి రాలేదు.

"పానం నిలిచేటట్టు లేదు దొరసానీ. గిట్లాంటప్పుడు మేము మా దేవుని పేరు జెప్పి నీళ్లు పోస్తం. మీ పిల్లగాడు. పొయ్యమంటె పోస్త."

ఆమె నన్ను చూసింది, మనవణ్ని చూసింది. "వద్దు" అంది. మళ్లీ తానే, "బతికియ్యమని మీ దేవున్ని అడుగు. నీళ్లు మాత్రం పొయ్యకు" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వీపు రుద్దుతూనే దేవమాత జపం పైకే చెప్పాను. ఆమె తన దేవుళ్లను పిలుచుకుంది. పొద్దు వాలకముందే పిల్లవాడు పోయాడు. తల్లి బతికింది.

సిలువతో గడప తొక్కింది కాబట్టే పిల్లగాడు దక్కలేదని ఊళ్లో కొందరన్నారు. ఆ ఏడంతా మావాళ్లు తప్ప నన్ను పురుడు పొయ్యడానికి ఎవరూ పిలవలేదు. ఆ మాటలకన్నా నన్ను ఎక్కువ తొలిచింది, నీళ్లు పోయకుండానే వాణ్ని పోనిచ్చానన్న సంగతి. ఫాదర్ వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పాను.

"నేను అయితే పోసేవాడిని" అన్నాడు ఆయన, తనకు వచ్చిన తెలుగులో.

"నేను తప్పు జేసిన్నా ఫాదర్?"

"నాకు తెలియదు. ఆ పిల్లవాడు దేవుని చేతిలో ఉన్నాడు. నువ్వు అబద్ధం చెప్పలేదు. అంతవరకు నాకు తెలుసు."

అది ఓదార్పో కాదో నాకు అర్థం కాలేదు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక పటేలింటి నుంచి మళ్లీ మనిషి వచ్చాడు. కోడలికి రెండో కాన్పు. ఈసారి లింగంపేట మంత్రసాని బాగానే ఉంది. అయినా నన్నే తీసుకురమ్మన్నారట. పెరటి వాకిట్లో దొరసాని నిలబడి ఉంది. నేనూ ఆగాను.

"నన్నెందుకు పిలిచిండ్రు దొరసానీ?" అని అడిగేశాను.

"ఆ దినం నాకు జెప్పకుంట పోస్తే నాకెర్కయితుండెనా? నువ్వు అడిగినవ్. నేను వద్దంటె ఆగినవ్. గట్లాంటిదాని చేతుల నా కోడల్ని పెడ్త. నడువు లోపలికి."

ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. కోడలు నవ్వుతూ, "ఇంత మొత్తుకుంటుందేంది!" అంది. ఆ ఇంట్లో తర్వాత ఇంకో రెండు పురుళ్లు పోశాను. ఊళ్లోవాళ్లు కూడా పిలవడం మొదలుపెట్టారు.

అయినా ఆత్మల పండుగ నాడు మావాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టేటప్పుడు ఆ మొదటి పిల్లవాడు గుర్తొస్తాడు. వాణ్ని వాళ్లు తమ చెలక గట్టున పూడ్చారు. పేరు కూడా పెట్టలేదు. వాడికోసం ఒక పరలోక జపం చెప్పి ఇంటికి వస్తాను.